నలభై పెట్టెల ఎర్ర వైను, మూడు పొట్లాల కలరా ఉండలు

పందొమ్మిదేళ్లు ఒక హోటల్లో మద్యం స్టోరు చూసుకుని ఒక్క చుక్క కూడా ముట్టకుండా రిటైరైనవాణ్ణి నేను. ఈ మాట చెప్పగానే సగం మంది "ఎంత నిగ్రహమండీ!" అంటారు, మిగతా సగం "అయ్యో పాపం!" అంటారు. నిగ్రహమూ లేదు, పాపమూ లేదు. నాకు ఆ వాసన గిట్టదు, అంతే. పైగా, తాళం చెవి ఎవడి దగ్గరుంటే వాడు తాగకపోవడమే మంచిదని మా పాత మేనేజరు ఒకాయన నమ్మేవాడు. ఇంటర్వ్యూలో నేను తాగనని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ఒక్క అర్హతతో ఉద్యోగం ఇచ్చేశాడు. అదే అర్హత చివరికి నన్ను ముంచుతుందని ఇద్దరికీ తెలియదు.

ఇప్పుడు హోటల్ స్టోర్సు పనికి గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, ఏవైనా చిట్కాలు చెప్పండి" అంటారు. ముందొచ్చిన సరుకు ముందు పంపాలి, చల్లగది తలుపు తీసి ఉంచకూడదు, ఇలాంటివి నాలుగు రోజుల్లో ఎవడైనా నేర్చుకుంటాడు. నేను వాళ్లకు ఈ వైను సంగతే చెబుతాను. ఇందులో నా తెలివి ఏమీ లేదు కాబట్టి వినడానికి బాగుంటుంది.

ఒమాన్‌లో బర్కా దాటాక సముద్రపు ఒడ్డున ఉండేది మా హోటలు. స్టోరులో నాతోపాటు ఒకే ఒక మనిషి, జగిత్యాల వైపునుంచి వచ్చినవాడు. ఒమాన్‌లోనే సహం అనే ఊళ్లో ఏళ్ల తరబడి సైట్లమీద సిమెంటు బస్తాలు మోసి, నడుం పట్టేశాక మా దగ్గర చేరాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. వాళ్ల నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చదువు ఐదో తరగతి. కానీ ఏ పెట్టెలో ఏముందో వాసన చూసి చెప్పేవాడు. నేను కాగితం చూసి చెప్పేవాణ్ణి. కాగితం మీద నమ్మకం ఉన్నవాణ్ణి కదా, నాదే పెద్ద విద్య అనుకునేవాణ్ణి.

పైన రెస్టారెంట్లో వైన్ల సంగతి చూసేది ఒక గోవా ఆయన. మంచి మనిషి, కానీ గ్లాసు చేతికొస్తే పూనకం వచ్చేది. "ఇందులో పాత తోలు ఉంది. తారు ఉంది. వాడిపోయిన గులాబీ ఉంది. వాన పడ్డ మట్టి ఉంది" అనేవాడు కళ్లు మూసుకుని. మొదటిసారి విన్నప్పుడు ఆ వైన్‌ను తిడుతున్నాడనుకుని, తిప్పి పంపడానికి ఫారం కూడా తీశాను. పొగడ్తలట! ఇంకో సారి ఇంకో సీసాకి "శుభ్రంగా ఉంది, తియ్యగా ఉంది" అన్నాడు. అది తిట్టట! ఆ రోజునుంచి నాకు ఏది మంచో ఏది చెడ్డో తెలియడం మానేసింది.

ఇక ఆ నలభై పెట్టెల సంగతి. ఇటలీ వంటల వారోత్సవం సెప్టెంబరు ఆఖర్లో పెట్టాలని, ఎండలు ముదరకముందే ఏప్రిల్లో సరుకు తెప్పించారు. ఇటలీలో ఎక్కడో కొండమీద చిన్న కుటుంబం. తాతల నాటినుంచి ఎర్ర వైను చేస్తున్నారట. కంపెనీ వైను కాదు. మేకులు కొట్టిన చెక్క పెట్టెలు, పెట్టెకు ఆరు సీసాలు. సీసా మూతిమీద రేకు లేదు, లక్క లేదు, ఒట్టి బెరడు బిరడా. లేబులు చేత్తో చేసినట్టున్న మందపాటి కాగితం. దానిమీద సిరాతో ఒక అంకె, పీపా నంబరు. వాళ్ల దగ్గర ఆరు పెద్ద పీపాలున్నాయట, ఏ పీపా వైను రుచి దానిదేనట. ఒకటో పీపాకీ నాలుగో పీపాకీ పోలికే ఉండదట. అది లోపం కాదు, గొప్పట.

సీసాలు దీపానికి ఎత్తి చూస్తే అడుగున మడ్డి. హమ్మయ్య, ఇదైనా నాకు తెలిసిన విషయం అనుకుని, సరుకు అందిన కాగితంలో "ప్రతి సీసాలో మడ్డి ఉన్నది" అని ఎర్ర సిరాతో రాశాను. గోవా ఆయన చూసి పడీపడీ నవ్వాడు. వడగట్టకుండా పాత పద్ధతిలో చేసిన వైనుకి అదే గుర్తట. నేను బుద్ధిగా ఆ వాక్యం కొట్టేశాను.

మా స్టోరు మనిషి మాత్రం నవ్వలేదు. సీసా అటూ ఇటూ వంచి చూసి, "కల్లుకు గూడ గింతే సార్. అడుగుకు ముద్ద లేకుంటే నీళ్లు కలిపిండన్నట్టే" అన్నాడు. నాకు కొంచెం ఉడుకుమోతుతనం వచ్చింది. కల్లు గీసేవాళ్లింటి మనిషి, ఇటలీ వైను మనిషి ఒకే మాట చెబుతుంటే, డిప్లొమా చదివిన నేను మధ్యలో వెర్రిమొహం వేసుకు నిలబడ్డాను.

మే నెలలో ఒక పొద్దున చూస్తే, పైన ఉన్న పెట్టెలో రెండు సీసాల లేబుళ్లు అంచున కొరికి ఉన్నాయి. బొద్దింకలు. ఆ కాగితాలకు వాడిన జిగురు మన ఇళ్లలో ఉడకబెట్టే పిండి జిగురులాంటిదేమో, వాటికి విందు దొరికింది. నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే ఆ వైనులో నాకు అర్థమయ్యేది ఆ లేబులొక్కటే. ఎవరో పెద్దాయన కూర్చుని, ఒక్కొక్క సీసా మీద కలంతో అంకె వేశాడు. ఒకటికి పైన చిన్న కొక్కెం కూడా పెట్టేవాడు. రుచి సంగతి నాకు తెలియకపోవచ్చు, చేతిరాత విలువ తెలుసు. మద్యం గదిలో పురుగుమందు కొట్టకూడదని రూలు. అది నేను తప్పలేదు. మస్కట్‌లో రువి బజారుకి వెళ్లినప్పుడు మూడు పొట్లాల కలరా ఉండలు కొనుక్కొచ్చాను.

మీరు నవ్వకండి. మన ఇళ్లలో ఒక వస్తువు విలువైనదని చెప్పడానికి ఇంకో భాష లేదు. పట్టుచీర మడతల్లో కలరా ఉండ, పెళ్లి ఫొటోల ఆల్బంలో కలరా ఉండ, పొలం కాగితాల సంచిలో కలరా ఉండ. నేను ఆ వైనుకి చేసిన మర్యాద అది. కాగితం పొట్లాలు చుట్టి, పెట్టెకు నాలుగు ఉండలు చొప్పున వేసి, మూతలు మళ్లీ బిగించాం. ముప్పై ఆరు పెట్టెలయ్యేసరికి ఉండలు అయిపోయాయి. మిగిలిన నాలుగు పెట్టెలు అవతలి మూల కూలర్ కింద పెట్టాం. ఇంకో పొట్లం తేవాలనుకున్నాను, తేలేదు. వారోత్సవం దాకా పెట్టెలు కదపొద్దని పైనుంచి ఆర్డరు. ఎవరూ కదపలేదు. నాలుగు నెలల్లో ఉండలు కరిగి గాలైపోయాయి. ఖాళీ పొట్లాలు మిగిలాయి.

సెప్టెంబరులో, ఆ అంకెలు వేసిన ఇటలీ పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కోటు మోచేతుల దగ్గర అతుకులు. ఆయనకు ఇటాలియన్ తప్ప రాదు. కూతురు ఏదో పట్నంలో ఉద్యోగం చేసుకుంటుంది, ఇంగ్లీషు బాగా వచ్చు. మంగళవారం పొద్దున పదకొండింటికి, అతిథులకు పెట్టేముందు మావాళ్లు రుచి చూడాలని రెస్టారెంట్లో కూర్చున్నారు. నేను సరుకు కాగితాలు పట్టుకుని గోడవారగా నిలబడ్డాను.

గోవా ఆయన మొదటి సీసా తీసి గ్లాసులో పోసి వాసన చూశాడు. గ్లాసు పక్కన పెట్టాడు. రెండోది తీశాడు. మూడోది తీశాడు. మా మేనేజరుకి ఇచ్చాడు. ఆయన కూడా వాసన చూసి గ్లాసు కింద పెట్టేశాడు. "మందుల వాసన. కర్పూరంలాంటిదేదో" అన్నాడు గోవా ఆయన మెల్లగా.

నేను నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో అది పొగడ్తే అనుకున్నాను. తోలు మంచిదైనప్పుడు, తారు మంచిదైనప్పుడు, కర్పూరం ఎందుకు చెడ్డదవుతుంది? మా దేవుడికి హారతిచ్చేదే దాంతో. కాస్త గర్వంగా కూడా నిలబడ్డాను. అప్పుడు కూతురు మొహం చూశాను. గ్లాసు దగ్గరికి తీసుకోగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. పెద్దాయన మాత్రం గ్లాసు తిప్పుతున్నాడు, ముక్కు లోపల పెడుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. ఆయనకేం తెలియడం లేదు. కూతురు వైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తలూపింది. ఆయన గ్లాసును రెండు చేతులతో జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

ఆ సాయంత్రానికి వేరే వైను ఏర్పాటు చేయమన్నాడు మేనేజరు. ఈ సరుకంతా "సరఫరాదారు లోపం" అని రాసి తిప్పి పంపే కాగితం తయారు చేయమని నాతో అన్నాడు.

సీసాలు సర్దుతుంటే కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది. ఎవరో ఒకరికి చెప్పుకోవాలన్నట్టు చెప్పింది. రెండేళ్ల కిందట ఒక కొనుగోలుదారు కూడా ఏదో వాసన అన్నాడట. నాన్న వాణ్ణి కోప్పడి పంపేశాడట. ఇప్పుడు ఇక్కడా అదే మాట. నాన్నకు ముక్కు మందగించింది. చిన్నాన్నేమో పుట్టినప్పటినుంచీ ఆ పీపాల గిడ్డంగిలోనే ఉన్నాడు. ఇంట్లోవాళ్లకు ఇంటి వాసన తెలియదు కదా. "పీపాలు పాడయ్యాయని నాన్న నిర్ణయానికొచ్చేశాడు. వాళ్ల తాత చేయించిన పీపాలవి. ఇంకో నెలలో మా ద్రాక్ష కోస్తాం. ఇప్పుడే పీపాలు నానబెట్టాలి. పాడైన పీపాల్లో కొత్త వైను పోస్తే అదీ పోతుంది. పగలగొట్టి తీసేయమని చిన్నాన్నకి ఫోన్ చేస్తానంటున్నాడు" అంది.

నాకు ఏదో గుచ్చుకుంది, కానీ ఏమిటో తెలియలేదు. కిందకి వచ్చి మా మనిషికి జరిగింది చెప్పాను. అతడు సీసా బిరడా తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు.

"సార్, గిది ఆళ్ల వాసన గాదు. మనదే. డాంబర్ గోలీల వాసన." కలరా ఉండల్ని వాళ్ల వైపు అలాగే అంటారు.

"నోర్ముయ్యవయ్యా! సీసాకి బిరడా ఉంది. బిరడా వేసిన సీసాలోకి వాసన ఎట్లా దూరుతుంది?"

"కల్లు కుండ పక్కకు కిరసనాయిలు డబ్బా పెడ్తే, మూతి కట్టినా గూడ కల్లు తాగనొస్తదా సార్? మా నాయిన మమ్ముల గా కల్లు రూముల బీడీ గూడ ముట్టియ్యనియ్యకపోతుండె."

"అది కుండ. ఇది గాజు."

"మూతి గాజు గాదు గద సార్" అన్నాడు అతడు.

నేను పెట్టెలో తల దూర్చి వాసన చూశాను. ఏమీ రాలేదు. నా చొక్కా వాసన చూసుకున్నాను. ఏమీ రాలేదు. నాలుగు నెలలు ఆ గదిలోనే తిరిగిన ముక్కు అది. ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?

బుధవారం ఎలా గడిచిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక గంట మా మనిషి చెప్పింది నిజమనిపించేది. ఇంకో గంట, కల్లు సంగతి వేరు, ఇటలీ వైను సంగతి వేరు, ఐదో తరగతి మాట పట్టుకుని పైకి వెళ్లి అల్లరిపాలు కావాలా అనిపించేది. పైగా రెండేళ్ల కిందటి కొనుగోలుదారు ఉన్నాడు కదా! అతడి పెట్టెల్లో నేను ఉండలు వేయలేదు కదా! ఆ మనిషెవరో తెలియకపోయినా మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"కూలర్ కింద నాలుగు పెట్టెలున్నయ్ సార్. అండ్ల గోలీలు ఎయ్యలేదు. ఒక్కటి ఇప్పి సూస్తే తెలుస్తది" అన్నాడు మా మనిషి.

సులువైన దారే. కానీ సీసా తీయాలంటే గోవా ఆయనకు చీటీ రాయాలి. చీటీలో "కారణం" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఏం రాయను? ఎన్నోసార్లు కలం పట్టుకున్నాను. రిటైర్మెంటుకి ఏడు నెలలు. రూఢిగా తెలియకుండా ఎందుకు రాయాలి అనుకున్నాను. రూఢిగా తెలియాలంటే ముందు రాయాలి. అక్కడే గిరగిరా తిరిగాను. ఇక పీపాలంటారా, పెద్దవాళ్లు కోపంలో అలాగే అంటారు, ఇంటికి వెళ్లాక నింపాదిగా ఆలోచించుకుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. భయానికి నేను తొడిగిన చొక్కా అది. అప్పుడు అది చొక్కా అని తెలియలేదు.

గురువారం పొద్దున తండ్రీకూతుళ్లు స్టోరుకి వచ్చారు. తన సీసాలు ఎక్కడ ఉన్నాయో ఒకసారి చూసుకుని వెళతానన్నాడట పెద్దాయన. కూతురు గుమ్మంలోనే ఆగి ముక్కు చిట్లించింది. తండ్రితో ఏదో చెప్పింది. ఆయన లోపలికి వచ్చాడు. గోడవారగా పేర్చిన పెట్టెలు చూశాడు. ఒక సీసా తీసి లేబులు మీద వేలితో నిమిరాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, తల వంచి చాలాసేపు మాట్లాడాడు.

"ఏమంటున్నారమ్మా?" అన్నాను.

"మా లేబుళ్లను ఇంత బాగా ఎవరూ చూసుకోలేదంటున్నాడు. మా సీసాల వల్ల మీ గది కూడా వాసన పట్టిందట. అందుకు మిమ్మల్ని క్షమించమంటున్నాడు" అంది.

నా పక్కనే మా మనిషి నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. అంత పెద్దమనిషి టోపీ తీసి నా తప్పుకి నన్నే క్షమాపణ అడుగుతుంటే, సిగ్గుతో చచ్చిపోయాను. ఇంగ్లీషు ముక్కలు కూడా సరిగ్గా రాలేదు. పెట్టెలో మిగిలిన ఒక ఖాళీ కాగితం పొట్లం తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. "వాసన మీది కాదమ్మా, నాది. నేనే వేశాను. పురుగులు లేబుళ్లు తింటున్నాయని వేశాను" అన్నాను.

ఆమె పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుంది. పెద్దాయనకు చెప్పింది. ఆయనకు ఒక పట్టాన అర్థం కాలేదు. వైను పెట్టెలో ఇలాంటివి ఎవరైనా ఎందుకు వేస్తారని రెండుసార్లు అడిగించాడు. మా ఊళ్లో విలువైనవాటికి వేస్తారని రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పినప్పుడు నాకే అది అర్థంలేని మాటలా వినిపించింది.

మా మనిషి అప్పటికే కూలర్ కింది పెట్టె ఒకటి లాగి మేకులు పీకుతున్నాడు. చీటీ లేదు, గడి లేదు. గోవా ఆయన్ని పిలిపించాం. ఆయన బిరడా తీసి, గ్లాసులో పోసి, వాసన చూసి, ఏ వర్ణనా లేకుండా గ్లాసు అమ్మాయికి ఇచ్చాడు. అమ్మాయి వాసన చూసింది. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. వాళ్ల నాన్న చేతికి ఇచ్చింది. ఆయన ఒక గుక్క నోట్లో పట్టి, మింగకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. "సరఫరాదారు లోపం" అన్న మాట కొట్టేసి "స్టోరు లోపం" అని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. గోవా ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. అవన్నీ నాకు రావలసినవే, వచ్చాయి. ఏడు నెలలు ఎలాగో గడిచి రిటైరయ్యాను. అవి కాదు నన్ను పట్టుకున్నవి.

వైను మింగాక పెద్దాయన అక్కడే ఖాళీ పెట్టె మీద కూర్చుని జేబులోంచి ఫోన్ తీశాడు. ఇంటికి. తమ్ముడికి. గట్టిగా, గబగబా మాట్లాడుతున్నాడు. మొహంలో రంగు వచ్చింది. మా మనిషి నా భుజం మీద చెయ్యి వేశాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆయన మాట ఆగిపోయింది. అవతలివాళ్లు చెప్పేది వింటున్నాడు. చాలాసేపు విన్నాడు. చివరికి ఒక్క మాట మెల్లగా అని ఫోన్ పెట్టేశాడు.

కూతురు తండ్రిని అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె మాకు చెప్పలేదు. నేనే అడిగాను.

"నాన్న ఫోన్ చేశాక, నిన్న సాయంత్రం పగలగొట్టడం మొదలుపెట్టాడట చిన్నాన్న. అన్నిటికన్నా పాతదానితో. ఒకటి అయిపోయింది. మిగతా ఐదూ ఉన్నాయి" అంది.

పెద్దాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో అన్నాడు. చెప్పినందుకు థాంక్స్ అంటున్నాడని కూతురు చెప్పింది. నేను తల ఊపానో లేదో గుర్తులేదు.

మా మనిషి నాకు మంగళవారం మధ్యాహ్నమే చెప్పాడు. నేను గురువారం పొద్దున చెప్పాను. ఆ పీపా బుధవారం సాయంత్రం దాకా ఉంది.